స్నానాల గది గోడకి టైల్స్: సిమెంటు మాలా, అడెసివ్ పౌడరా, బకెట్ గమ్మా?

ప్రశ్న | కొత్తగోడ

అందరికీ నమస్కారం. స్నానాల గదికి, వంటగదికి గోడ టైల్స్ వేయించాలి, వారం రోజులుగా ఒకే విషయం దగ్గర ఆగిపోయాను. మేస్త్రీ గారు సిమెంటు, ఇసుక కలిపిన మాలుతోనే అతికిస్తానంటున్నారు, ముప్పై ఏళ్లుగా అలాగే చేస్తున్నాను, ఒక్క టైల్ ఊడలేదు అంటున్నారు. టైల్స్ అమ్మినాయనేమో వీటికి సిమెంటు పట్టదు, అడెసివ్ కావాల్సిందే అన్నాడు. మా బంధువు ఒకాయన బకెట్లో రెడీగా వచ్చే గమ్ చూపించి, నీళ్లు కలిపే పని కూడా లేదు, మూత తీసి రాసుకోవడమే అంటున్నాడు. ముగ్గురూ ధీమాగానే చెబుతున్నారు, నాకు మాత్రం టెన్షన్ పెరిగిపోతోంది, ఎందుకంటే తప్పు చేశామని ఏడాది తర్వాత తెలిస్తే మళ్లీ పగలగొట్టడం తప్ప దారి ఉండదు.

వివరాలు ఇవీ. స్నానాల గదిలో 600×1200 మి.మీ. విట్రిఫైడ్ టైల్స్, నేల నుంచి పైకప్పు దాకా, షవర్ ఉన్న గోడ కూడా అందులోనే. వంటగదిలో గట్టు పైన రెండడుగుల ఎత్తుకి 300×450 మి.మీ. సెరామిక్ టైల్స్. స్నానాల గది గోడలకి సిమెంటు ప్లాస్టరింగ్ చేసి 3 వారాలైంది. వంటగది గోడకి పాత పెయింట్, దాని కింద పుట్టీ ఉన్నాయి. ఇంకో విషయం, స్నానాల గదిలో ఒక గోడ మట్టంగా లేదు, 2 మీటర్ల బద్ద ఆనిస్తే మధ్యలో వేలు దూరేంత సందు కనిపిస్తోంది.

ఏది వాడాలో చెప్పడమే కాకుండా ఎందుకో కూడా చెప్పండి. కారణం తెలిస్తే మేస్త్రీ గారి మనసు నొప్పించకుండా మాట్లాడగలను, ఆయన పనిమంతుడే.


జవాబు | సొంతపని

షవర్ గోడకి బకెట్ గమ్ వద్దు. చేసి చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. మేము ఇదివరకు ఉన్న ఇంట్లో స్నానాల గదికి చిన్న సెరామిక్ టైల్స్ నేనే వేసుకున్నా, బకెట్ మీద గోడ టైల్స్‌కి అని ఉంది కదా అని అదే వాడేశా, కింద చిన్న అక్షరాల్లో ఏముందో చదవలేదు. వేసేటప్పుడు చాలా హాయిగా ఉంది, పెట్టిన టైల్ పెట్టినచోటే నిలబడింది, జారలేదు. ఏడాదిన్నర బాగానే ఉంది. తర్వాత ఒకరోజు షవర్ కింద నడుము ఎత్తులో చెయ్యి ఆనించి నిలబడితే ఒక టైల్ లోపలికి కదిలింది. ఊడదీసి చూస్తే వెనక గమ్ తడి సున్నంలా మెత్తగా ఉంది, వేలితో తుడిస్తే వచ్చేసింది. టైల్స్ మధ్య సందులు నింపే గ్రౌట్‌లో వెంట్రుకంత పగులు ఉంది, ఇన్నాళ్లూ అక్కణ్నుంచి నీళ్లు దిగుతూనే ఉన్నాయన్నమాట. ఆ గోడంతా తీసేసి మళ్లీ వేసుకోవాల్సి వచ్చింది.

అదే బకెట్‌లో మిగిలిన గమ్‌తో వంటగదిలో వేసినవి మాత్రం మేము ఇల్లు మారేవరకూ చెక్కుచెదరలేదు. సరుకు చెడ్డదని కాదు, నేను పెట్టిన చోటు తప్పు.


జవాబు | పాతికేళ్ల_తాపీ

కొత్తగోడ గారూ, మీకు సలహా ఇచ్చిన ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ముగ్గురూ మూడు వేర్వేరు టైల్స్‌ని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు. అసలు చిక్కు ఎక్కడొస్తోందంటే, అడెసివ్ అనే ఒక్క మాటతో రెండు వేర్వేరు సరుకుల్ని పిలుస్తున్నాం. ఒకటి బస్తాలో వచ్చే పౌడర్, నీళ్లు కలిపి వాడేది, మా పనివాళ్లు కెమికల్ అంటారు. రెండోది బకెట్లో వచ్చే గమ్. పౌడర్ సిమెంటుకి దగ్గర చుట్టం, బకెట్ గమ్‌కి సిమెంటుతో సంబంధమే లేదు.

ముందు మాలు సంగతి. సిమెంటు ఆరిపోయి గట్టిపడదు, నీళ్లతో కలిసి గట్టిపడుతుంది. అలా గట్టిపడేటప్పుడు లోపల కంటికి కనపడనంత సన్నటి స్ఫటికాలు పెరుగుతాయి, అవి టైల్ వెనకవైపు రంధ్రాల్లోకి చొచ్చుకుపోయి పట్టుకుంటాయి. గోడలకి వేసే మామూలు సెరామిక్ టైల్ తన బరువులో 10 శాతానికి మించి నీళ్లు పీల్చుకుంటుంది, అంటే దాని నిండా రంధ్రాలే. అందుకే దాన్ని ముందు నీళ్లలో నానబెడతాం, లేకపోతే మాలులో ఉన్న నీళ్లన్నీ అదే లాగేసుకుంటుంది, సిమెంటుకి గట్టిపడడానికి నీళ్లు మిగలవు. నానబెట్టి, వెనక సిమెంటు పాలు రాసి, మాలుతో వేస్తే ఆ టైల్ ఊడదు. మీ మేస్త్రీ గారి ముప్పై ఏళ్ల అనుభవం ఇదే, అది నిజం.

విట్రిఫైడ్ టైల్ పీల్చుకునే నీళ్లు 0.5 శాతం లోపే. దాన్ని రాత్రంతా నానబెట్టినా ఏమీ కాదు. స్ఫటికాలు దూరడానికి చోటే లేనప్పుడు మాలు దాన్ని ఏం పట్టుకుంటుంది? గాజుపలక మీద సిమెంటు పోసినట్టే, ఎండాక పలకలా లేచి వస్తుంది. మీరే పరీక్ష చేసి చూడండి, రెండు రకాల టైల్స్‌నీ బోర్లించి వెనకవైపు నాలుగు చుక్కల నీళ్లు వేయండి. సెరామిక్ మీద చూస్తుండగానే ఇంకిపోతాయి, విట్రిఫైడ్ మీద అలాగే నిలబడతాయి. మేస్త్రీ గారి ముందు ఈ పని చేస్తే మీరు వేరే వాదించక్కర్లేదు.

బరువు లెక్క కూడా చూడండి. మీ పెద్ద టైల్ 9 మి.మీ. మందం ఉంటే ఒక్కోటి దాదాపు 15 కిలోలు. దాని వెనక 15 మి.మీ. మాలు పెడితే ఆ మాలు ఒక్కటే 20 కిలోలు దాటుతుంది. పచ్చి మీద ఉన్నప్పుడు అంత బరువు గోడ మీద నిలబడాలి, పైగా టైల్‌ని పట్టుకోవడమే రాని సరుకుతో. పౌడర్ అయితే 5 మి.మీ. పొరకి 5, 6 కిలోలతో అయిపోతుంది.

ఇప్పుడు పౌడర్. అందులోనూ సిమెంటు, సన్న ఇసుక ఉంటాయి, కానీ వాటితోపాటు రెండు దినుసులు అదనం. ఒకటి పాలిమర్, నునుపు టైల్‌కి కూడా అంటుకునేది అదే. రెండోది నీటిని పట్టి ఉంచే సెల్యులోజ్ పొడి. ఇది లేకపోతే 3 మి.మీ. పలచటి పొరలో నీళ్లు నిమిషాల్లో గోడలోకి పోతాయి, సిమెంటు బూడిదలా మిగిలిపోతుంది. మామూలు మాలుని అంత పలచగా వాడలేకపోవడానికి కారణం కూడా ఇదే.

బస్తా మీద అక్షరాలు ఉంటాయి, అవి చదివి కొనండి. టైల్ అడెసివ్‌ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 13007 ప్రకారం సి1 అంటే చదరపు మి.మీ.కి కనీసం 0.5 న్యూటన్ పట్టు, సి2 అంటే కనీసం 1. టీ అని ఉంటే గోడ మీద జారదని, జారుడు 0.5 మి.మీ. మించకూడదు. ఈ అని ఉంటే రాశాక 30 నిమిషాల దాకా టైల్ పెట్టుకునే వీలుందని. ఎస్1 అంటే కాస్త వంగే గుణం ఉన్నదని. మీ 600×1200కి సి2టీఈ తీసుకోండి, ఎస్1 కూడా ఉంటే ఇంకా మంచిది. వంటగది సెరామిక్‌కి సి1 చాలు.

బకెట్ గమ్ వీటిలాంటిది కాదు. అది కేవలం ఆరితేనే గట్టిపడుతుంది, అంటే అందులోని నీళ్లు బయటికి పోవాలి. ఒకవైపు నీళ్లు పీల్చని పెద్ద టైల్ మూసుకుని ఉంటే నీళ్లు పోయే దారి చుట్టూ ఉన్న 2 మి.మీ. సందే. అంచులు ఆరతాయి, నడుమ నెలల తరబడి పచ్చిగానే ఉంటుంది. ఆరింది కూడా నీళ్లు తగులుతూ ఉంటే మళ్లీ మెత్తబడొచ్చు, పైన సొంతపని గారికి జరిగింది అదే. తడి తగలని చోట, చిన్న సెరామిక్ టైల్స్‌కి, మట్టంగా ఉన్న గోడ మీద అది బాగా పనిచేస్తుంది, అంతవరకే. పొయ్యి వెనక వేడి బాగా తగిలే చోట కూడా నేను పెట్టను, వేడికి మెత్తబడుతుంది.


జవాబు | మట్టపుబద్ద

పైన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు కానీ మాలుని మరీ పక్కన పెట్టేయకండి. గోడలు మట్టంగా లేనిచోట, టైల్ చిన్నదై, రంధ్రాలున్నదై ఉంటే మాలుకి మించింది లేదు. 12 నుంచి 15 మి.మీ. మాలు మీద ఒకచోట నొక్కి, ఒకచోట నింపి, ఎత్తుపల్లాలు సర్దుకుంటూ పోవచ్చు, గోడ సరిచేయడం, టైల్ వేయడం ఒకే దెబ్బతో అయిపోతాయి. పౌడర్‌తో ఆ పని చేయబోతేనే గొడవ. మామూలు పౌడర్లు 3 నుంచి 6 మి.మీ. పొర కోసం తయారైనవి, వేలెడు సందులో దాన్నే కుక్కితే ఆరేకొద్దీ కుంచించుకుపోయి టైల్‌ని లోపలికి లాగేస్తుంది, మర్నాడు చూస్తే పక్కపక్క టైల్స్ అంచులు ఒకదానికొకటి కలవవు.

అందుకని మీ వంకర గోడ సంగతి టైల్స్ రాకముందే తేల్చుకోండి. గాట్లు పెట్టి, తడిపి, సిమెంటు పాలు కొట్టి, ఆ పల్లాన్ని మాలుతోనే ప్లాస్టరింగ్ చేసి బద్ద లాగించండి. పెద్ద టైల్‌కి 3 మీటర్ల పొడవులో 3 మి.మీ. కంటే తేడా ఉండకూడదు, కొలత అది. ఇక్కడ మీ మేస్త్రీ గారి చేతి పనితనం పూర్తిగా ఉపయోగపడుతుంది, గోడకి ఆయన మాలు, టైల్‌కి పౌడర్. ఆయనకి చెప్పడానికి కూడా ఇదే మంచి మాట అనుకుంటా.


జవాబు | కొత్తగోడ

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నీళ్ల చుక్కల పరీక్ష సాయంత్రం మేస్త్రీ గారి ముందే చేశాను. ఆయన రెండు టైల్స్‌నీ మార్చి మార్చి చూసి, సరే, పౌడరే తెప్పించండి అన్నారు. అంతవరకు బాగుంది.

కానీ ఆయన పౌడర్‌ని కూడా మాలులాగే, టైల్ వెనక నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఒక ముద్ద పెట్టి గోడకి కొడతానంటున్నారు. సరుకు గట్టిది కదా, ఐదు ముద్దలు చాలవా? ఇంకో రెండు సందేహాలు. 3 వారాల ప్లాస్టరింగ్ మీద ఇప్పుడే వేయొచ్చా? వంటగదిలో పెయింట్ మీద గాట్లు పెట్టి వేస్తే సరిపోతుందా, పుట్టీ దాకా మొత్తం తీయాలా?


జవాబు | పాతికేళ్ల_తాపీ

ముద్దలు వద్దండీ, ఇది మాత్రం గట్టిగా పట్టుబట్టండి. నేను ఊడదీసిన టైల్స్‌లో ఎక్కువ భాగం సరుకు చెడ్డదై ఊడినవి కావు, వెనక సగం ఖాళీగా ఉండి ఊడినవి. ముద్దల మధ్య డొల్ల ఉంటుంది, షవర్ గోడలో ఆ డొల్లల్లో నీళ్లు చేరి నిలుస్తాయి, గ్రౌట్ నల్లబడుతుంది, వాసన మొదలవుతుంది. రేపు మీరు సబ్బుపెట్టె బిగించడానికి డ్రిల్ పెడితే సరిగ్గా డొల్ల మీద పడితే టైల్ పగులుతుంది. పొడిగా ఉండే గోడకి టైల్ వెనక కనీసం 80 శాతం సరుకు అంటాలి, తడి గోడకి 95 శాతం. నా దృష్టిలో ఇది మాలా పౌడరా అన్న ప్రశ్న కంటే పెద్దది.

పద్ధతి ఇలా. పళ్ల తాపీ కావాలి, పెద్ద టైల్‌కి 12 మి.మీ. పళ్లది, వంటగదికి 6 మి.మీ. చాలు. ముందు తాపీ నున్నటి వైపుతో గోడకి పలచగా గట్టిగా రుద్దాలి, తర్వాత పళ్లతో ఒకే దిక్కుగా తిన్నగా గీతలు లాగాలి. చాలామంది ముగ్గులా గుండ్రంగా తిప్పుతారు, అలా తిప్పితే గాలి లోపలే చిక్కుకుపోతుంది, గీతలు తిన్నగా ఉంటే నొక్కినప్పుడు గాలి పక్కలకి పోతుంది. టైల్ వెనక కూడా ఒక పలచటి పూత రాయాలి. టైల్ ఆనించాక గీతలకి అడ్డంగా ఒక అంగుళం అటూ ఇటూ కదుపుతూ నొక్కితే గీతలు పడిపోయి ఒకటవుతాయి.

మొదటి టైల్ పెట్టగానే ఊడదీసి వెనక చూడండి. దీన్ని పని చెడగొట్టడం అనుకోవద్దు, నేను ఇప్పటికీ ప్రతి ఇంట్లో మొదటి రెండు టైల్స్ తీసి చూస్తా. మూలల్లో సరుకు అంటిందా లేదా, అదే ముఖ్యం.

కలపడంలో కూడా మాలు అలవాటు పనికిరాదు. ముందు కొలిచిన నీళ్లు బకెట్‌లో పోసి, దాంట్లోకి పౌడర్ వేస్తూ నిదానంగా తిరిగే డ్రిల్‌తో కలపాలి, 5 నుంచి 10 నిమిషాలు వదిలేసి మళ్లీ ఒకసారి కలిపాక వాడాలి. బిగుసుకుంటుంటే మాలులో నీళ్లు చిలకరించినట్టు ఇందులో చిలకరించకూడదు, పట్టు పోతుంది. గోడ మీద గీతల్ని వేలితో ముట్టుకుంటే వేలికి అంటాలి. అంటకపోతే పైన పొర కట్టేసిందని అర్థం, గీకి పారేయడమే. చేతులకి తొడుగులు ఉండాలి, సిమెంటు చర్మాన్ని తినేస్తుంది.

3 వారాల ప్లాస్టరింగ్ అంటే ఇంకో వారం ఆగండి. కొత్త ప్లాస్టర్ ఆరేకొద్దీ కుంచించుకుంటుంది, ఎక్కువ భాగం మొదటి 4 వారాల్లోనే, ఆ కదలిక మీద టైల్ పెట్టకపోవడం మంచిది. ఈలోగా ఆ వంకర గోడ సరిచేయించండి, అయితే ఆ కొత్త ప్లాస్టర్‌కి కూడా ఆరే సమయం ఇవ్వాలి. తర్వాత షవర్ వైపు గోడలకి వాటర్‌ప్రూఫింగ్ పూత వేయించండి. టైల్, గ్రౌట్ కలిసి నీళ్లని ఆపుతాయని అందరూ అనుకుంటారు, ఆపవు, వాటి వెనక ఉన్న పూతే ఆపాలి. ఆ పూత నునుపుగా ఉంటుంది, మాలు దాని మీద సరిగా నిలవదు. మీరు పౌడర్ వాడడానికి ఇది ఇంకో కారణం.


జవాబు | రిపేరు_పనులు

వంటగది పుట్టీ సంగతి నేను చెబుతా, రోజూ చూసేది ఇదే. తీయండి, మొత్తం తీయండి. టైల్ పౌడర్‌కి అంటుకుంటుంది, పౌడర్ పెయింట్‌కి అంటుకుంటుంది, పెయింట్ పుట్టీకి, పుట్టీ గోడకి. ఈ వరసలో అన్నిటికంటే బలహీనమైనది ఏదో దాని బలమే మీ గోడ బలం, పుట్టీ అంటే పొడి లాంటిదే. అనుమానంగా ఉంటే ఒకచోట పెయింట్ గీకి, తడిబట్ట పది నిమిషాలు ఆనించి, గోరుతో గీరి చూడండి. గోరుకి పిండిలా వస్తే తీయాల్సిందే. గట్టి ప్లాస్టర్ కనిపించేదాకా గీకి, దుమ్ము దులిపి, తడిబట్టతో తుడిచి, అప్పుడు వేయించండి.

గీకితే లోపల సిమెంటు ప్లాస్టర్ కాకుండా తెల్లటి జిప్సం ప్లాస్టర్ బయటపడితే మాత్రం నేరుగా పౌడర్ పెట్టించకండి. జిప్సంలో ఉన్న సల్ఫేట్, సిమెంటు, తేమ కలిస్తే మధ్యలో ఉబ్బే స్ఫటికాలు తయారవుతాయి, అవి టైల్‌ని వెనక నుంచి తోసేస్తాయి. ముందు దానికి తగ్గ ప్రైమర్ కొట్టి ఆరనివ్వాలి.

టైల్స్ మధ్య కనీసం 2 మి.మీ. స్పేసర్లు పెట్టించండి, సందు లేకుండా ఆనించి వేస్తే చూడడానికి బాగున్నా కదలడానికి చోటు ఉండదు. రెండు గోడలు కలిసే మూలలో గ్రౌట్ వద్దు, సిలికాన్ పెట్టించండి, అక్కడ గ్రౌట్ పగలని ఇల్లు నేను చూడలేదు. గ్రౌట్ కనీసం 24 గంటలు ఆగాకే.


జవాబు | కొత్తగోడ

పది రోజుల తర్వాత రాస్తున్నా. వంకర గోడ సరిచేశారు, బద్ద పెట్టి నేనే చూశాను. వంటగదిలో పుట్టీ అంతా గీకేశాం, లోపల సిమెంటు ప్లాస్టరే ఉంది, ఆ గోడ పూర్తయింది. వాటర్‌ప్రూఫింగ్ కంటే ముందు సరిచేసిన భాగం ఆరడానికి ఆగుతున్నాం. ఈలోగా మేస్త్రీ గారు చెయ్యి అలవాటు చేసుకుంటానని, పారేయబోయే ఒక పాత బండ మీద పెద్ద టైల్ అతికించి ఊడదీశారు. మొదటిసారి 6 మి.మీ. తాపీతో చేస్తే వెనక సగం కూడా అంటలేదు, మూలలు నాలుగూ శుభ్రంగా ఉన్నాయి. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత 12 మి.మీ. తాపీతో, టైల్ వెనక కూడా పూసి చేస్తే మూలలతో సహా నిండుగా అంటింది, మళ్లీ పీకడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది. ఇక ముద్దల మాట ఆయనే ఎత్తడం లేదు.

ఒకటే మిగిలింది, షవర్ గోడ కింది వరస నుంచి మొదలుపెట్టాలా? నేలకి వాలు ఇంకా వేయలేదు.


జవాబు | పాతికేళ్ల_తాపీ

కింది వరస చివర్లో. రెండో వరస అడుగు ఎక్కడ వస్తుందో కొలిచి, అక్కడ గోడని ఆనుకుని తిన్నటి బద్ద ఒకటి మట్టం చూసి పెట్టించండి, పెద్ద టైల్స్ దాని మీద కూర్చుంటాయి, జారుతాయన్న భయం ఉండదు. గోడకి మేకులు కొడితే వాటర్‌ప్రూఫింగ్ పూతకి చిల్లు పడుతుంది కాబట్టి ఆ బద్దని గోడకి బిగించకుండా నేల నుంచి ఇటుకలు పేర్చి వాటి మీద నిలబెట్టమని చెప్పండి. పైవరసలు బిగిశాక, నేల వాలు పూర్తయ్యాక, కింది వరసని వాలుకి తగ్గట్టు కోసి పెడితే అడుగున సందు సమానంగా వస్తుంది. కోసేటప్పుడు మాస్కు పెట్టుకోమనండి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు.